చలినెలల సైకిలు తరగతి: ఎంత, ఎలా?



ఒక కొమ్మ స్వగ్రామంలో, మరొక కొమ్మ పరదేశంలో ఉన్న ఇళ్లు నేడు మన సమాజంలో అనేకం. షికాగోలో ఒక కుమారుడు, టొరంటోలో ఒక మేనల్లుడు, లండన్‌లో ఒక కుమార్తె, దోహాలో ఒక తమ్ముడు. వీరిలో సైకిలును ప్రయాణానికే పరిమితం చేయకుండా క్రమబద్ధమైన సాధనగా స్వీకరించినవారు ఉన్నారు. వేసవిలో వారాంతాన నూరు కిలోమీటర్లు అలవోకగా తొక్కే ఈ బిడ్డలకు నవంబరు రాగానే ఒక చిక్కు ఎదురవుతుంది. రోడ్లపై మంచు పేరుకుంటుంది. డిసెంబరులో లండన్ నగరంలో సాయంత్రం నాలుగు గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఉద్యోగం ముగించుకొని వచ్చేసరికి చీకటి, చలి, జారే నేల. అప్పుడు వారికి తోచే మార్గం దగ్గరలోని జిమ్‌లో జరిగే ఇండోర్ సైక్లింగ్ తరగతి. ఆ తరగతిని ఎంత వాడుకోవాలి, ఎలా వాడుకోవాలి అన్నదే ఈ నెల మన చర్చనీయాంశం.

ముందుగా 'ఆఫ్ సీజన్' అన్న మాటను అర్థం చేసుకుందాం. యూరపులో సైకిలు పందేల ప్రధాన కాలం వసంతంలో ఆరంభమై శరదృతువులో ముగుస్తుంది. మార్చిలో ఇటలీ దేశపు మిలాన్–శాన్ రెమో, జూలైలో టూర్ ద ఫ్రాన్స్, అక్టోబరులో మళ్లీ ఇటలీలోనే లొంబార్డియా పందెం. ఆ తరువాత వృత్తి క్రీడాకారులు సైతం కొద్ది వారాలు సైకిలును పక్కన పెట్టి, పిమ్మట మెల్లగా మరుసటి సంవత్సరానికి పునాది వేసుకుంటారు. గల్ఫ్ దేశాలలో ఈ లెక్క తలక్రిందులవుతుంది. అక్కడ శీతకాలమే రోడ్డుకు అనువైన కాలం. అరబ్ ఎమిరేట్స్‌లో జరిగే పెద్ద పందెం ఫిబ్రవరిలో ఉండటానికి కారణం ఇదే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఎండ మనిషిని గదిలోకి తరుముతుంది. మన తెలుగు నేలపై మే నెల వడగాడ్పులు, ఆ వెనుక వచ్చే వానలు ఆ పాత్రను పోషిస్తాయి. దేశం ఏదైనా, ప్రకృతి రోడ్డును మూసివేసే కొన్ని నెలలు ప్రతి సాధకునికీ ఉంటాయి.

ఈ తరగతుల పుట్టుక కూడా ఇటువంటి అవసరంలోనే ఉంది. దక్షిణాఫ్రికాలో జన్మించి అమెరికాలోని కాలిఫోర్నియాలో స్థిరపడిన జానీ గోల్డ్‌బర్గ్ అనే సైకిలు క్రీడాకారుడు, అమెరికా ఖండాన్ని ఒక తీరం నుంచి మరొక తీరానికి దాటే సుదీర్ఘ పందేనికి సాధన చేస్తూ, 1980ల చివరి భాగంలో ఇంట్లోనే తొక్కగలిగే ఒక యంత్రాన్ని తన చేతులతో రూపొందించుకున్నాడు. జిమ్‌లలో అప్పటికే ఉన్న వ్యాయామ సైకిళ్లపై నిటారుగా కూర్చోవాలి. అవి పందెపు సైకిలును పోలి ఉండవు. అతడు చేసిన దానిలో బరువైన చక్రం, రోడ్డు సైకిలును పోలిన కూర్చునే తీరు ఉన్నాయి. తన యంత్రంపై మిత్రులకు నేర్పడం ఆరంభించాడు, అది తరగతి అయింది. 1990ల మధ్యలో ష్విన్ అనే పాత సైకిళ్ల సంస్థ ఆ యంత్రాలను తయారు చేయడంతో అవి అమెరికా అంతటా వ్యాపించాయి. అంటే నేడు అందరూ బరువు తగ్గడానికి వెళ్తున్న ఈ తరగతి, మొదట రోడ్డు సాధకుడు తన సాధన తెగిపోకుండా చేసుకున్న ఏర్పాటు.

అయితే ఆ సాధన ఎంత వేగంగా తెగిపోతుంది? ఈ విషయమై అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో ప్రచురించిన పరిశోధన నేటికీ ప్రామాణికంగా నిలిచి ఉంది. సంవత్సరాల తరబడి కఠోర సాధన చేసిన ఏడుగురిని సాధన పూర్తిగా మాన్పించి, 84 రోజుల పాటు పరిశీలించారు. శరీరం గరిష్ఠంగా ప్రాణవాయువును వినియోగించుకునే శక్తిని కొలిచారు. మొదటి 21 రోజులలోనే అది సుమారు 7 శాతం తగ్గింది. ఎనిమిది వారాలు గడిచేసరికి 16 శాతం వరకు పడిపోయి అక్కడ నిలిచింది. తొలి రోజుల నష్టానికి ముఖ్య కారణం గుండె ఒక్కొక్క స్పందనలో పంపే రక్తం పరిమాణం తగ్గిపోవడం. కాబట్టి నవంబరులో సైకిలును అటక మీద పెట్టి మార్చిలో దించేవాడు, వేసవి అంతా చెమటోడ్చి కూడబెట్టిన దానిలో గణనీయమైన భాగాన్ని చేజార్చుకొని ఉంటాడు. ఒకటి రెండు వారాల విశ్రాంతి శరీరానికి, మనసుకు మేలే చేస్తుంది. నాలుగు నెలల విశ్రాంతికి మాత్రం మూల్యం చెల్లించవలసి వస్తుంది.

ఆ మూల్యాన్ని తప్పించుకోవడానికి ఎంత శ్రమ అవసరం అన్నదానికి మరొక పరిశోధన సమాధానమిచ్చింది. 1980ల ఆరంభంలో షికాగో నగరంలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హిక్సన్ బృందం కొందరిచేత పది వారాల పాటు, వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాలు గట్టి సాధన చేయించింది. వారి శక్తి పెరిగిన తరువాత సాధనను తగ్గించి, 15 వారాల పాటు ఏమవుతుందో చూసింది. ఆరు రోజులను రెండు రోజులకు తగ్గించినా, గరిష్ఠ ప్రాణవాయు శక్తి నిలిచే ఉంది. రోజులను అలాగే ఉంచి, 40 నిమిషాలను 26కు, 13కు కుదించినప్పటికీ ఆ శక్తి నిలిచింది. 13 నిమిషాలవారిలో దీర్ఘకాలపు ఓర్పు మాత్రం కొంత సన్నగిల్లింది. కాని రోజులు, నిమిషాలు యథాతథంగా ఉంచి తీవ్రతను మూడవ వంతు తగ్గించగానే శక్తి క్షీణించసాగింది.

పాఠకులు ఈ ఫలితాన్ని ఒక్క క్షణం ఆగి ఆలోచించాలని మనవి. సంపాదించుకోవడానికి ఆరు రోజులు పట్టిన దాన్ని నిలుపుకోవడానికి రెండు రోజులు చాలాయి, ఆ రెండు రోజులూ నిజమైన శ్రమతో గడిచినంత కాలం. పాల్గొన్నవారు పందెపు వీరులు కారు, సామాన్యులే. కనుక పెద్ద స్థాయి క్రీడాకారునికి ఇంతకన్నా కొంత ఎక్కువ అవసరం కావచ్చు. కాని ఉద్యోగం చేసుకుంటూ, సంసారం నడుపుకుంటూ సైకిలు తొక్కే మన బిడ్డలకు ఈ లెక్క ఊరటనిస్తుంది. చలికాలంలో వారానికి రెండు తరగతులు, వాటికి తోడు ఒక సుదీర్ఘమైన, సులువైన సవారీ. రోడ్డు మూసుకుపోయిన నెలల్లో తరగతి చేయవలసిన పని ఇంతే.

మదరసాలో ఖుర్ఆన్ కంఠస్థం చేసే పిల్లల తరగతిని చూసినవారికి ఈ విషయం వెంటనే బోధపడుతుంది. అక్కడ ప్రతి విద్యార్థికీ ఆనాటి కొత్త పాఠం 'సబఖ్' ఉంటుంది. అంతకుముందు నేర్చుకున్నదాన్ని వరుసగా తిరిగి అప్పజెప్పే 'మంజిల్' కూడా ఉంటుంది. కొత్త పాఠం లేని సెలవు రోజులలో సైతం మంజిల్ ఆగదు, ఎందుకంటే అది ఉన్నదాన్ని కాపాడుతుంది. మరొక సంగతి కూడా గమనించదగినది. ముప్పై మంది పిల్లలు ఒకే చాపపై కూర్చుంటారు, ఒకే ఉస్తాద్ ఎదుట ఉంటాడు. కాని ఎవరి పాఠం వారిదే. పక్కవాడు పది పుటలు చదివాడని నేను కూడా పది చదవబోతే రెండూ పోతాయి. చలికాలపు సైకిలు తరగతికి వెళ్లేవారు ఈ రెండు సంగతులనూ వెంట తీసుకువెళ్లాలి.

ఎందుకంటే ఆ గది స్వభావమే మనిషిని తన కొలత మరచిపోయేలా చేస్తుంది. దీపాలు మసకగా ఉంటాయి. సంగీతం హోరెత్తుతుంది. శిక్షకుడు 'ఇంకా పెంచండి, ఇంకా' అని కేక వేస్తాడు. కొన్ని చోట్ల గోడమీది తెరపై ఎవరు ఎంత శక్తితో తొక్కుతున్నారో వరుస క్రమంలో కనిపిస్తుంది. 45 నిమిషాలు గడిచేసరికి చొక్కా పిండితే చెమట కారుతుంది. చాలా సాధించామన్న తృప్తి కలుగుతుంది. అదే తృప్తి కోసం సోమవారం, బుధవారం, గురువారం, శనివారం వెళ్లేవారు ఉన్నారు. నాలుగు తరగతులూ ఒకే తీరుగా ఉంటాయి: పూర్తిగా కఠినం కావు, ఏమాత్రం సులువూ కావు. దీర్ఘశ్రమ క్రీడలలో ప్రపంచ స్థాయి సాధకుల దినచర్యలను పరిశీలించిన స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త, వారి సాధనలలో సుమారు 80 శాతం సులువైనవేనని, మిగిలినవే నిజంగా కఠినమైనవని గుర్తించాడు. వీరులు సులువైన రోజును సులువుగా ఉంచగలిగినందుననే కఠినమైన రోజున కఠినంగా శ్రమించగలుగుతున్నారు. వారానికి నాలుగు రోజులు మధ్యస్థపు అలసటతో గడిపే సామాన్యుడు మార్చి నాటికి బలం పెరగక, విసుగు పెరిగి, మోకాలి నొప్పితో రోడ్డెక్కుతాడు. సాధనకు అసలైన ఋతువు వచ్చేసరికి దానిపై ప్రీతి చచ్చిపోయి ఉంటుంది.

కనుక తరగతిలో అడుగుపెట్టే ముందు సొంత కొలమానం ఒకటి ఉండాలి. స్వీడన్ దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ ఇందుకు సులభమైన కొలతను రూపొందించాడు. అది 6తో మొదలై 20తో ముగుస్తుంది. 6 అంటే ఏ శ్రమా లేని స్థితి, 20 అంటే ఇక సాధ్యం కాని స్థితి. ఆరోగ్యవంతుడైన యువకునిలో ఆ అంకెను పదితో హెచ్చిస్తే నిమిషానికి గుండె స్పందనల సంఖ్యకు ఇంచుమించు దగ్గరగా వస్తుంది. ఇంకా సులభమైనది మాటల పరీక్ష. పూర్తి వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే అది సులువైన శ్రమ. వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తే మధ్యమం. రెండు మూడు మాటలకు మించి రాకపోతే కఠినం. యంత్రంపై వాట్లలో శక్తి కనిపించే చోట ఆ అంకెను పుస్తకంలో వ్రాసుకోవడం మంచిది. కాని వేర్వేరు యంత్రాలు ఒకే శ్రమకు వేర్వేరు అంకెలు చూపవచ్చు కాబట్టి, వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే యంత్రంపై కూర్చోవాలి. శిక్షకుడు 'పెంచండి' అన్నప్పుడు ఎంత పెంచాలో నిర్ణయించేది మీ చేతిలోని మర. దాన్ని అతడు వచ్చి త్రిప్పడు.

ఇక రెండు తరగతులను ఎలా తొక్కాలి? మొదటి దానిని కఠినమైన రోజుగా నిశ్చయించుకోవచ్చు. పది నిమిషాలు శరీరాన్ని వేడెక్కించి, నాలుగు నిమిషాల గట్టి శ్రమ, మూడు నిమిషాల సులువైన తొక్కుడు, ఇలా నాలుగు ఆవృత్తులు చేసి, చివర పది నిమిషాలు నెమ్మదిగా చల్లబడాలి. నార్వే దేశపు పరిశోధకులు ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది. గట్టి శ్రమలో గుండె వేగం గరిష్ఠంలో 90 నుంచి 95 శాతానికి చేరాలని వారి సూచన. శిక్షకుని పాఠం దీనితో అక్షరాలా కలవకపోవచ్చు. అతడు ఎత్తు ఎక్కిస్తున్న భాగాలలో గట్టిగా తొక్కి, తక్కిన భాగాలలో మర వదులు చేసుకుంటే చాలా వరకు సరిపోతుంది. రెండవ తరగతిని మధ్యమంగా ఉంచి, కాళ్ల తీరుపై దృష్టి పెట్టాలి. నిమిషానికి 85 నుంచి 95 చుట్లు, భుజాలు వదులుగా, నడుము ఊగకుండా. ముందుగా వెళ్లి శిక్షకునితో 'నేను రోడ్డు సాధకుణ్ణి, నా ప్రణాళిక ఇది' అని మర్యాదగా చెప్పి, వెనుక వరుసలో కూర్చుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. నవంబరు, డిసెంబరు నెలలలో రెండు తరగతులనూ మధ్యమంగానే ఉంచి, కఠినమైన దానిని జనవరి నుంచి చేర్చుకోవడం మరింత వివేకం. తీవ్రత బొత్తిగా లేకుండా పోకుండా ఆ రెండు నెలలలో ప్రతి తరగతిలోనూ కొన్ని నిమిషాలు గట్టిగా తొక్కితే చాలు.

యంత్రాన్ని గురించి కూడా కొంత తెలిసి ఉండాలి. వీటిలో చాలావాటి చక్రం 13 నుంచి 20 కిలోల బరువుంటుంది. రోడ్డు సైకిలుపై పెడల్ ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఈ యంత్రాలలో అనేకం అలా కాదు, చక్రం తిరిగినంతసేపు పెడల్ కూడా తిరుగుతుంది. వేగంగా తిరుగుతున్నప్పుడు హఠాత్తుగా కాళ్లు ఆపబోతే మోకాలికి దెబ్బ తగులుతుంది. ఆపవలసి వస్తే మరను బిగించాలి, లేదా దానినే క్రిందికి నొక్కి బ్రేకు వేయాలి. మరీ వదులు చేసి అతి వేగంగా తొక్కినప్పుడు పని చేసేది చక్రపు బరువే, కాళ్లు దాని వెంట పరుగెడతాయి. సీటుపై ఎగిరెగిరి పడటం దీని గుర్తు. సీటు ఎత్తు సరిచూసుకోవడానికి యంత్రం పక్కన నిలబడి దానిని తుంటి ఎముక ఎత్తుకు తేవాలి. కూర్చున్న తరువాత పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. రెండు పెడళ్లూ సమానమైన ఎత్తులో ఉన్నప్పుడు ముందరి మోకాలు పెడల్ ఇరుసుకు సూటిగా పైన రావాలి. ఇంట్లోని సొంత సైకిలు కొలతలను టేపుతో కొలిచి కాగితంపై వ్రాసుకొని వెళ్తే ఇంకా మేలు.

గదిలో గాలి వీచదు. రోడ్డుపై వేగమే చల్లని గాలిని ఇస్తుంది. ఇక్కడ చెమట ఆరదు, శరీరంలో వేడి పేరుకుంటుంది, అదే శ్రమకు గుండె వేగం నిమిషనిమిషానికి పెరుగుతూ పోతుంది. కనుక పంకా దగ్గర చోటు ఎంచుకోవాలి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు నీరు గుక్కగుక్కగా త్రాగాలి. ఒక తువ్వాలు వెంట ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత. ఇంతవరకు సైకిలు అలవాటు లేనివారు, లేదా చాలా కాలం మానేసినవారు, మొదటి తరగతిలోనే అందరితో సమానంగా తొక్కబోయి ఆసుపత్రి పాలైన ఉదంతాలను వైద్యులు పత్రికలలో నమోదు చేశారు. అతి శ్రమ వల్ల తొడ కండరాలు విచ్ఛిన్నమై, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. తరగతి ముగిసిన ఒకటి రెండు రోజులలో తొడలు వాచి, సాధారణ నొప్పిని మించిన బాధ కలిగి, మూత్రం చిక్కని టీ రంగులోకి మారితే, అది ఇంట్లో నూనె మర్దన చేసుకునే సమయం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన సమయం. ఈ ముప్పు ఎక్కువగా తొలి తరగతిలోనే పొంచి ఉంటుంది. కాబట్టి కొత్తవారు మొదటి రెండు మూడు సార్లు సగం శ్రమతో, సగం సమయంతో సరిపెట్టుకోవాలి. మధ్యలో లేచి రావడానికి సిగ్గుపడనవసరం లేదు. గుండె జబ్బు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు వైద్యుని సలహా తీసుకున్న తరువాతనే మొదలుపెట్టాలి.

గదిలోని సాధన ఎంతవరకు ఫలిస్తుందో చెప్పడానికి 2016 నాటి ఒక ఉదాహరణ చాలు. ఆస్ట్రేలియా దేశస్థుడు మాథ్యూ హేమన్ ఆ సంవత్సరం ఫిబ్రవరి చివరలో బెల్జియంలో జరిగిన ఒక పందెంలో పడి చేయి విరగ్గొట్టుకున్నాడు. రోడ్డుపై తొక్కే వీలు లేదు. ఇంటి గ్యారేజీలో సైకిలును స్థిరమైన పీటపై బిగించి, విరిగిన చేతిపై బరువు పడకుండా రోజూ తొక్కాడు. ఎదుట తెరపై దూరదేశాల సాధకులతో కలిసి తొక్కే జ్విఫ్ట్ అనే ఏర్పాటు అతనికి తోడుగా నిలిచింది. గాయమైన ఆరు వారాలకు, ఏప్రిల్ 10న, ఉత్తర ఫ్రాన్స్‌లో రాతిబాటలపై సాగే పారిస్–రూబే పందెంలో, అంతకుముందు నాలుగుసార్లు గెలిచిన టామ్ బూనెన్‌ను చివరి క్షణంలో ఓడించి అతడు విజేతగా నిలిచాడు. అప్పుడతని వయసు 37. ఈ కథను విన్నవారు గ్యారేజీయే గెలిపించిందని అనుకుంటారు. అతని కాళ్లలో అప్పటికే పదిహేనేళ్లకు పైబడిన వృత్తి అనుభవం ఉంది. ఆ ఆరు వారాలు దానిని జారిపోకుండా పట్టి ఉంచాయి. మన చర్చకు అవసరమైన పాఠం ఇదే.

తరగతి ఇవ్వలేనివి కూడా ఉన్నాయి. యంత్రం పక్కకు ఒరగదు కాబట్టి సమతూకం, మలుపు, బ్రేకు, ఎదురుగాలి, గుంపులో నడిచే మెలకువ దానిపై అబ్బవు. మార్చిలో రోడ్డు తెరచుకున్నప్పుడు గుండె సిద్ధంగా ఉన్నా చేతులు, కళ్లు సిద్ధంగా ఉండవు. మొదటి రెండు వారాలు ఒంటరిగా, వాహనాలు తక్కువ ఉన్న బాటలలో తొక్కాలి. మెల్లగా తరగతులను ఒకటికి తగ్గించి, ఆపై మానివేయాలి. సైకిలు ఎముకలపై శరీర బరువు మోపదు. ఎముకల దృఢత్వానికి నడక, బరువులు ఎత్తడం వంటివి తోడు కావాలి. చలినెలలలో వారానికి రెండు రోజులు అరగంట చొప్పున కాళ్లకు, నడుముకు బలాన్నిచ్చే వ్యాయామం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి తరుణం దొరకదు. మన హైదరాబాదులో 200, 300, 400, 600 కిలోమీటర్ల దూరపు సవారీలకు సిద్ధమయ్యే మిత్రులకు కూడా ఇదే వర్తిస్తుంది. 600 కిలోమీటర్లను 40 గంటలలో ముగించవలసిన సవారీకి, వానాకాలంలో తరగతి గుండెను నిలబెడుతుంది. రాత్రి ప్రయాణాన్ని, సీటుపై గంటల తరబడి కూర్చునే ఓర్పును రోడ్డే నేర్పాలి.

మన ఇళ్లకు సంబంధించిన రెండు మూడు సంగతులు మిగిలాయి. అనేక నగరాలలో స్త్రీలకు మాత్రమే ప్రత్యేకించిన సమయాలు ఉన్న జిమ్‌లు ఉన్నాయి; చేరే ముందే విచారిస్తే మన సోదరీమణులు నిశ్చింతగా సాధన చేసుకోవచ్చు. సంగీతం వద్దనుకునేవారికి, ఆ హోరు చెవులకు భారమయ్యేవారికి సొంత సైకిలును ఇంట్లోనే స్థిరపరచే పీట మంచి ప్రత్యామ్నాయం. ఇక రంజాన్ విషయం. 2026, 2027 సంవత్సరాలలో ఆ శుభమాసం ఫిబ్రవరిలోనే ఆరంభమవుతుంది కనుక, ఉత్తర దేశాలలో చలికాలపు సాధన చివరి వారాలతో కలుస్తుంది. ఉపవాసంలో నీరు త్రాగే వీలు లేదు కాబట్టి వేడి గదిలో కఠినమైన తరగతి ఆ సమయంలో తగదు. ఇఫ్తార్‌కు ముందరి అరగంట సులువుగా తొక్కడానికి అనుకూలం. కఠినమైనది చేయదలచుకుంటే ఇఫ్తార్ తరువాత, ఆహారం కొంత జీర్ణమయ్యాక, నీరు త్రాగుతూ వారానికి ఒకసారి చేయవచ్చు. తరావీహ్ కోసం నిలబడవలసిన కాళ్లు అవేనని గుర్తుంచుకొని ఆ రోజును ఎంచుకోవాలి. ఒక నెల పాటు సాధనను తగ్గించినందువల్ల వచ్చే నష్టం స్వల్పమేనని పైన చెప్పిన పరిశోధనలే ధైర్యమిస్తున్నాయి.

పరదేశంలోని బిడ్డ ఫోనులో 'ఈ వారం నాలుగు తరగతులకు వెళ్లాను' అని ఉత్సాహంగా చెప్పినప్పుడు పెద్దలు సంతోషించడం సహజమే. ఆ సంతోషంతో పాటు ఇంకో ప్రశ్న కూడా అడగండి: 'వాటిలో నీ కొలతకు తొక్కినవి ఎన్ని బాబూ?' రెండు అని జవాబు వస్తే, ఆ రెండింటినీ ఉంచుకొని తక్కిన రెండు సాయంత్రాలనూ నిద్రకు, ఇంటివారికి, కాస్త నడకకు కేటాయించమని చెప్పండి. వసంతం వచ్చినప్పుడు రోడ్డు దగ్గరికి తాజా కాళ్లతో, ఉత్సాహం నిండిన మనసుతో వెళ్లేవాడే చలికాలాన్ని సద్వినియోగం చేసుకున్నవాడు. మీ బిడ్డలందరికీ ఆరోగ్యం, క్షేమం కలగాలని కోరుకుంటూ, వచ్చే నెల మరొక అంశంతో కలుసుకుందాం, ఇన్షాఅల్లాహ్.